కర్టెన్ రాడ్ దగ్గర ఆగిపోయిన 48 వోల్టుల డ్రిల్: కార్డ్‌లెస్ మిషన్ల అసలు లెక్క

పోయిన శ్రావణంలో మా తమ్ముడు నల్గొండలో కొత్తింట్లో పాలు పొంగించాడు. వారం తిరక్కముందే ఆన్‌లైన్‌లో ఒక కార్డ్‌లెస్ డ్రిల్ తెప్పించాడు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 48 అనీ, దాని పక్కన చిన్నగా వీఎఫ్ అనీ ఉంది. మంచం బిగించాడు, చెప్పుల స్టాండు బిగించాడు, సంబరపడ్డాడు. తర్వాత హాల్లో కిటికీ మీద కర్టెన్ రాడ్ పెట్టబోతే బిట్ అర అంగుళం దిగి ఆగిపోయింది. ఎంత నొక్కినా తెల్లటి దుమ్ము రాలుతోంది తప్ప లోపలికి పోవడం లేదు. బిట్ కొస నల్లబడింది. ఫోన్ చేశాడు: "అన్నా, నలభై ఎనిమిది వోల్టులని రాసుంది. గోడల ఇంచు గూడ పోతలేదేందన్నా?"

ఆ ఒక్క ప్రశ్నలో రెండు చిక్కులున్నాయి. ఒకటి డబ్బా మీది అంకెది, రెండోది గోడది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు, కొనుక్కున్నవాళ్లు చాలామంది మొదటిదాని గురించే ఆలోచిస్తారు. షాపువాళ్లు కూడా దాని గురించే మాట్లాడతారు. నా మటుకు రెండోదే పెద్దది. కానీ మొదటిది తేలకపోతే రెండోది అర్థం కాదు, కాబట్టి బ్యాటరీతోనే మొదలుపెడతాను.

వోల్టులు, ఆంపియర్ అవర్లు: బ్యాటరీ డబ్బా లోపల ఏముంటుంది

కార్డ్‌లెస్ మిషన్ బ్యాటరీని విప్పితే లోపల వేలంత పొడవున్న లిథియం సెల్స్ కనిపిస్తాయి. ఎక్కువగా వాడేవి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. అందుకే వాటిని 18650 అంటారు. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. నిండా చార్జ్ చేసినప్పుడు 4.2 దాకా పోతుంది. టార్చిలైటులో సెల్స్ వేసినట్టు వీటిని వరసగా కలుపుకుంటూ పోతే వోల్టులు కూడుకుంటూ పోతాయి. మూడు కలిపితే 10.8, అయిదు కలిపితే 18.

ఇక్కడే మొదటి తికమక. అయిదు సెల్స్ బ్యాటరీ నిండా చార్జ్ అయినప్పుడు 21 వోల్టులు చూపిస్తుంది. కాబట్టి ఒక కంపెనీ దాన్ని 18 అంటుంది, ఇంకో కంపెనీ 20 అంటుంది, మరొకటి 21 అంటుంది. లోపలున్నవి అవే అయిదు సెల్స్. డివాల్ట్ కంపెనీ ఒకే రకం బ్యాటరీని అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అనీ, యూరప్‌లో 18 వోల్ట్ అనీ అమ్ముతుంది. అట్లాగే 10.8, 12 కూడా ఒకటే, మూడు సెల్స్. ఇందులో మోసం ఏమీ లేదు, కొలిచే సమయం వేరు, అంతే.

వోల్టులు నీళ్ల ట్యాంకు ఎత్తు లాంటివి. ఎత్తు పెరిగితే ధార జోరుగా వస్తుంది. ఆంపియర్ అవర్లు ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చెప్తాయి. ఆ రెండింటినీ గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, అంటే బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అయితే 36 వాట్ అవర్లు. 10.8 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అయితే 21.6. రెండు బ్యాటరీలను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఈ గుణకారమే నిజం చెప్తుంది.

48, 88, 98: కిరాణా కాటాలో తేలిన సంగతి

మరి 48 సంగతేంటి? సెల్‌కు 3.6 చొప్పున నిజంగా 48 వోల్టులకు దగ్గరికి రావాలంటే పదమూడు సెల్స్ కావాలి. ఒక్కో 18650 సెల్ దాదాపు 45 నుంచి 48 గ్రాముల బరువుంటుంది. పదమూడు సెల్స్ అంటే ఒక్క సెల్స్ బరువే దాదాపు 600 గ్రాములు. పైన ప్లాస్టిక్ డబ్బా, లోపల సర్క్యూట్ అదనం.

తమ్ముడి బ్యాటరీని వాళ్ల వీధి చివరి కిరాణా షాపుకు తీసుకెళ్లి, పప్పులు తూచే కాటా మీద పెట్టాం. 340 గ్రాములు. అంతకు రెండు నిమిషాల ముందు అదే కాటా మీద ఎవరో పావుకిలో శనగపప్పు తూపించుకున్నారు. 340లో ప్లాస్టిక్ తీసేస్తే మిగిలేది అయిదు సెల్స్ బరువు. అంటే అది మామూలు 18 వోల్టుల బ్యాటరీ. 48 వీఎఫ్, 88 వీఎఫ్, 98 వీఎఫ్ అని రాసి అమ్మేవాటిలో ఆ అంకె వోల్టులది కాదు, అది మోడల్ పేరు మాత్రమే. చూసేవాళ్లు దాన్ని వోల్టులుగానే చదువుకుంటారు, అమ్మేవాళ్లకు కావాల్సిందీ అదే. ఇది నాకు నచ్చని పద్ధతి. పైసా పైసా కూడబెట్టి ఇల్లు కట్టుకున్న మనిషి ఆ అంకెను నమ్మి డబ్బు పెడతాడు.

ఆంపియర్ అవర్లకూ ఇదే పరీక్ష పనికొస్తుంది. ఒక 18650 సెల్‌లో పట్టేది గట్టిగా 3.5 ఆంపియర్ అవర్ల లోపే. అయిదు సెల్స్ ఒకే వరసలో ఉన్న బ్యాటరీ మీద 6 ఆంపియర్ అవర్లని రాసుంటే, అంత శక్తి అందులో పట్టే అవకాశం లేదు. నిజంగా 4 లేదా 5 కావాలంటే రెండు వరసలు, పది సెల్స్ పెడతారు, లేకపోతే ఇంకా లావైన సెల్స్ వాడతారు. రెండు పద్ధతుల్లోనూ బరువు పెరుగుతుంది. చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. మన దేశంలో ఇట్లాంటి లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్యాటరీ లేబుల్ మీద ఆ ముద్ర, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. చార్జింగ్‌లో పెట్టి ఇంట్లో నిద్రపోతాం కాబట్టి ఈ చిన్న ముద్రకు నేను వోల్టుల కన్నా ఎక్కువ విలువిస్తాను.

మీ గోడ ఏ గోడ? లింటెల్ దగ్గర మొదలయ్యే అసలు కష్టం

ఇప్పుడు గోడ సంగతి. మన దగ్గర ఇల్లంతా ఒకే పదార్థం కాదు. పిల్లర్లు, బీములు, స్లాబు, కిటికీల మీద లింటెల్ కాంక్రీటు. మధ్యలో గోడ ఎర్ర ఇటుక కావచ్చు, సిమెంటు ఇటుక కావచ్చు, బూడిద ఇటుక కావచ్చు, కొత్త అపార్టుమెంట్లలో లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకు కావచ్చు. పైన గిలాబు, రంగు వేసేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పాత రాతి గోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ రాయి తగిలితే బిట్ దిగదు, రాళ్ల మధ్య మట్టి తగిలితే స్క్రూ నిలవదు.

కొత్తింట్లో అందరూ చేసే మొదటి పనుల్లో ఒకటి కర్టెన్ రాడ్. కిటికీకి సరిగ్గా పైన ఉండేది లింటెల్. అంటే ఇంట్లో అత్యంత గట్టి చోట్లలో ఒకదాని దగ్గరే కొత్త డ్రిల్‌కు మొదటి పరీక్ష. మా తమ్ముడి డ్రిల్ ఆగిపోయింది అక్కడే. అదే డ్రిల్ రెండు అడుగులు పక్కకు జరిపి పెడితే ఇటుకలో పది పదిహేను సెకన్లలో దిగిపోయింది. ఇటుకలో దిగిన డ్రిల్ కాంక్రీటులో ఆగితే మిషన్ పాడైందని కాదు. లోపల కంకర తగిలిందన్నమాట. మన వైపు కంకర ఎక్కువగా గ్రానైట్ రాయి కొట్టి చేసిందే. ఇంకొంచెం లోపల ఇనుప చువ్వ తగిలితే గోడకు వాడే ఏ బిట్ కూడా ముందుకు పోదు, బెజ్జం పక్కకు జరపాల్సిందే.

గోడకు బెజ్జం పెట్టే మిషన్లు మూడు రకాలు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, లోపలి పని మాత్రం చాలా వేరు.

మామూలు డ్రిల్ తిరుగుతుంది, అంతే. చెక్కకు, ఇనుముకు, ప్లాస్టిక్‌కు సరిపోతుంది.

రెండోది హ్యామర్ డ్రిల్, డబ్బా మీద ఇంపాక్ట్ డ్రిల్ అని కూడా రాస్తారు. దీంట్లో గరుకు పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ తిరుగుతాయి. కంకర రోడ్డు మీద సైకిల్ తొక్కితే చేతులు అదిరినట్టు బిట్ ముందుకూ వెనక్కూ అదురుతుంది. నిమిషానికి ఇరవై ముప్ఫై వేల దెబ్బలని రాస్తారు. అంకె ఘనంగానే ఉంటుంది గానీ ఒక్కో దెబ్బలో బలం చాలా తక్కువ. మిగతా బలం మనం భుజంతో నొక్కి ఇవ్వాలి. ఇటుకకు ఇది చక్కగా సరిపోతుంది. కాంక్రీటులో ఒకటీ రెండూ అయితే ఓపిక పట్టొచ్చు.

మూడోది రోటరీ హ్యామర్. దీంట్లో పిస్టన్ ఉంటుంది. అది గాలిని నొక్కితే, ఆ గాలి లోపలి సుత్తిని తోస్తుంది, సుత్తి బిట్‌ను కొడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కో దెబ్బ నిజమైన సుత్తి దెబ్బ. దాన్ని జౌల్స్‌లో కొలుస్తారు. చిన్న మిషన్లలో ఒకటి రెండు జౌల్స్ ఉంటుంది. మనం నొక్కాల్సిన పని లేదు, పట్టుకుంటే చాలు. దీనికి ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడి ఉన్న బిట్లే పడతాయి, మామూలు డ్రిల్ బిట్లు పట్టవు.

దెబ్బల సంఖ్య చూసి కొనేవాళ్లు ముప్ఫై వేలు గొప్పా, నాలుగు వేలు గొప్పా అంటే ముప్ఫై వేలే అంటారు. కాంక్రీటు ముందు నాలుగు వేలదే పైచేయి.

ఏఏసీ బ్లాకు దగ్గర కథ తిరగబడుతుంది. అది మెత్తన. హ్యామర్ పెడితే బెజ్జం చుట్టూ రాలిపోయి పెద్దదైపోతుంది, ప్లాస్టిక్ ప్లగ్ వదులవుతుంది. అక్కడ ఉత్తగా తిరిగే డ్రిల్లే మేలు. బాత్‌రూమ్ టైల్స్ కూడా అంతే. పైపొర దాటేదాకా హ్యామర్ ఆన్ చేస్తే టైల్ పగుళ్లిస్తుంది.

ఇరవై బెజ్జాల లెక్క

అయిదు కిటికీలనుకుందాం. ఒక్కో రాడ్‌కు రెండు బ్రాకెట్లు, ఒక్కో బ్రాకెట్‌కు రెండు స్క్రూలు. మొత్తం 20 బెజ్జాలు. మిషన్ సగటున 300 వాట్లు లాగుతుందని మోటుగా లెక్కేద్దాం. చేతిలో 36 వాట్ అవర్ల బ్యాటరీ ఉంది.

ఇటుక అయితే ఒక్కో బెజ్జానికి 15 సెకన్లు, అంటే 1.25 వాట్ అవర్లు. ఇరవైకి 25. ఒక్క చార్జింగ్‌లో అయిపోతుంది, ఇంకా కొంచెం మిగులుతుంది.

లింటెల్‌లో హ్యామర్ డ్రిల్‌తో ఒక్కో బెజ్జానికి నిమిషం పట్టిందనుకుంటే 5 వాట్ అవర్లు. ఇరవైకి 100. మూడు చార్జింగ్‌లు కావాలి. ఆ నిమిషం కూడా అదృష్టం బాగుంటేనే. అదే లింటెల్‌లో రోటరీ హ్యామర్ 15 సెకన్లలో దిగితే లెక్క మళ్లీ 25కు వచ్చేస్తుంది. బ్యాటరీ మారలేదు, మిషన్ లోపలి సుత్తి మారిందంతే.

కటింగ్ గ్రైండర్ విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. 850 వాట్లు లాగే పనికి 36 వాట్ అవర్లు పెడితే రెండున్నర నిమిషాలు. బ్యాటరీ గ్రైండర్ కొని, రెండు ఇనుప పైపులు కోయగానే ఆగిపోయిందని బాధపడేవాళ్లు ఈ గుణకారం ముందే చేసుంటే పెద్ద బ్యాటరీ అయినా కొనేవాళ్లు, లేదా వైరు మిషన్ అయినా కొనేవాళ్లు.

చెక్క పనికి: టార్క్, క్లచ్, ఇంపాక్ట్ డ్రైవర్

టార్క్ అంటే తిప్పే బలం. న్యూటన్ మీటర్లలో రాస్తారు. డబ్బా మీద పెద్దగా కనిపించేది ఎక్కువగా హార్డ్ టార్క్, అంటే స్క్రూ బిగిసి ఆగిపోయే చివరి క్షణంలో వచ్చే బలం. చెక్కలోకి మెల్లగా దిగుతున్నప్పుడు పనిచేసేది సాఫ్ట్ టార్క్, అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. మంచి కంపెనీలు రెండూ ఇస్తాయి. రెండు మిషన్లను పోల్చేటప్పుడు ఒకదాని హార్డ్‌తో ఇంకోదాని సాఫ్ట్‌ను పోలిస్తే తప్పు లెక్క అవుతుంది.

డ్రిల్ మెడ దగ్గర అంకెలున్న రింగు క్లచ్. అనుకున్న బిగువు రాగానే టకటకమని జారిపోయి స్క్రూ తల చెడకుండా కాపాడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ వేరే జంతువు. అది స్క్రూను తిప్పే దిశలో కొడుతుంది. టేకు దర్వాజాకు పొడవాటి స్క్రూలు ఎక్కించడంలో, తుప్పు పట్టిన బోల్టు విప్పడంలో దానికి సాటి లేదు. కానీ మామూలుగా దానికి ఆ రింగు ఉండదు, చప్పుడు ఎక్కువ, అలవాటు లేని చేతిలో సన్నటి చెక్క చీలిపోతుంది. పేరులో ఇంపాక్ట్ ఉంది కదా అని గోడకు పెట్టేవాళ్లున్నారు. అది గోడ మిషన్ కాదు.

బ్రష్‌లెస్ గురించి రెండు మాటలు చాలు. పాత తరహా మోటారులో కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, బ్రష్‌లెస్‌లో అవి ఉండవు. అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తుంది, ధర ఎక్కువ. రోజూ వాడే కార్పెంటర్‌కు ఆ తేడా తిరిగొస్తుంది. ఏడాదికి పదిసార్లు తీసే ఇంటికి అంత తొందర లేదు.

కొనేది మిషన్‌ను కాదు, బ్యాటరీ కుటుంబాన్ని

ఒకే బ్యాటరీ పట్టే మిషన్లన్నీ ఒక కుటుంబం. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు. ఒకే కంపెనీలో కూడా పట్టకపోవచ్చు. బాష్‌లో ఇంటివాడకానికి చేసిన ఆకుపచ్చ మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ, పనివాళ్లకు చేసిన నీలం మిషన్లకు పట్టదు. మకిటాలో 18 వోల్టులది 40 వోల్టుల మిషన్‌కు పట్టదు.

ఒక ఉదాహరణ. లెక్క కోసం ధరలు ఊహించుకుందాం. రెండు బ్యాటరీలు, చార్జరు, డ్రిల్ కలిపిన సెట్టు 9,000. అదే కుటుంబంలో బ్యాటరీ లేని ఒట్టి రోటరీ హ్యామర్ 6,000. రెండూ కలిపి 15,000. అట్లా కాకుండా మొదట 2,500కు పేరులేని డ్రిల్ కొని, ఏడాదికి దాని బ్యాటరీ పోయి, విడిగా దొరక్క మళ్లీ ఇంకోటి కొంటే, 5,000 పెట్టి కూడా చేతిలో ఒక్క మిషనే ఉంటుంది. అయితే పూర్తి న్యాయంగా చెప్పాలంటే, ఆ రోటరీ హ్యామర్ ఎప్పటికీ అవసరం పడని ఇల్లు కూడా ఉంటుంది. అప్పుడు మిగిలిన 10,000 ఆ ఇంటికి లాభమే.

12 వోల్టులా, 18 వోల్టులా అన్న వాదన కూడా ఇట్లాంటిదే. పన్నెండువైపు వాళ్లు బరువు గురించి చెప్తారు. స్టూలు ఎక్కి చెయ్యి పైకెత్తి పని చేసేటప్పుడు అర కిలో తేడా అంటే చాలా తేడా. అమ్మ అయినా పిల్లలైనా ఒంటి చేత్తో పట్టుకోగలరు. పద్దెనిమిదివైపు వాళ్లు రేపటి గురించి చెప్తారు: గ్రైండర్, రోటరీ హ్యామర్, బ్లోయర్ లాంటివి ఆ కుటుంబంలోనే ఎక్కువ. ఇద్దరిదీ నిజమే. ఫర్నిచర్, తాళాలు, మడతబందులకే అయితే నా ఓటు పన్నెండుకు.

వైరు ఉన్నదే మేలనేవాళ్ల మాట, మేస్త్రీ చాలనేవాళ్ల మాట

వైరు మిషన్ తక్కువ ధరకు ఎక్కువ బలమిస్తుంది, పదేళ్లు మూల పడేసినా మళ్లీ ప్లగ్ పెడితే తిరుగుతుంది. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ కొంత కొంత తగ్గిపోతుంది. ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు, అది నిజం. దానికి ఎదురుగా నిలిచేది సౌకర్యం. కరెంటు కనెక్షన్ ఇంకా రాని పై అంతస్తులో, గేటు దగ్గర, పొలం షెడ్డులో, కరెంటు పోయిన పూట వైరు మిషన్ పనికిరాదు.

మేస్త్రీని పిలిస్తే పోదా అనేది ఇంకో మాట. పాలమూరు మేస్త్రీలు, కూలీలు ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో పోయి కట్టినవాళ్లు. ఆ చేతి పనితనం ముందు మన డ్రిల్ ఎంత? పిల్లర్‌లో పెద్ద ఫాస్టెనర్, స్లాబులో ఊయల కొక్కెం లాంటివి వాళ్లకే వదిలేయడం నయం. కానీ నాలుగు బెజ్జాల కోసం ఎవరూ రారు, వచ్చినా ఆ పూట కూలీ పోతుందని వాళ్లకూ ఇబ్బందే.

మే నెల ఎండ, చార్జరు మీద మెరిసే లైటు

నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీని దాదాపు 40 డిగ్రీల లోపు చార్జ్ చేయమని చాలా కంపెనీల పుస్తకాల్లో రాసుంటుంది. వేడెక్కిన బ్యాటరీని పెడితే మంచి చార్జర్లు చార్జ్ చేయకుండా లైటు మెరిపిస్తూ ఆగుతాయి. చార్జరు పోయిందనుకుని షాపుకు పరుగెత్తేవాళ్లున్నారు. చల్లబడితే అదే ఎక్కుతుంది. రేకుల షెడ్డులోనో, ఎండ తగిలే సజ్జ మీదో నిండా చార్జ్ చేసి నెలల తరబడి వదిలేసిన బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. సగం చార్జ్‌తో చల్లని అల్మారాలో ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒకే కొలతకు రాని రెండు ఇళ్లు

మా తమ్ముడిది సిమెంటు ఇటుక గోడ, కాంక్రీటు లింటెల్. వాడు చివరికి లింటెల్ పనికి తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర వైరున్న రోటరీ హ్యామర్ ఒక మధ్యాహ్నం అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు రాడ్లు గంటన్నరలో అయిపోయాయి. ఆ 48 వీఎఫ్ డ్రిల్ వాడి దగ్గరే ఉంది, స్క్రూలకు బాగానే తిరుగుతోంది. దాని బ్యాటరీ పోయినప్పుడు పన్నెండు వోల్టుల కుటుంబంలోకి మారతానంటున్నాడు.

దేవరకొండ దగ్గర మా మేనత్తది పాత రాతి ఇల్లు. ఆమె గోడలో దిగేది రాళ్ల సందుల్లో కొట్టిన చెక్క మేకులే. క్యాలెండరు, దేవుడి పటాలు, మామయ్య ఫొటో అన్నీ వాటికే వేలాడుతున్నాయి. ఆ ఇంటికి ఏ డ్రిల్ కొనాలని అడిగితే, తలుపు గొళ్లెం బిగించడానికి ఒక మంచి స్క్రూడ్రైవర్ చాలన్నాను. పోయినసారి వెళ్లినప్పుడు అదే తీసుకెళ్లాను.